తెగేముందు చెప్పే రంగు



ఇవాళ మీతో ఒక చిత్రమైన సంగతి ముచ్చటిద్దామని వచ్చాను. లాగితే రంగు మారే వస్తువుల గురించి. "ఇదేమిటి, ఏ ఊరగాయ సంగతో, పిల్లల చదువు సంగతో చెబుతుందనుకుంటే ఈ లాగడాలూ రంగులూ ఏమిటి?" అని మీరు అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. సైన్సు పుస్తకం మూసి పాతికేళ్ళు దాటింది. అయినా ఈ సంగతి వెనక పడ్డానంటే దానికి ఒక కారణం ఉంది. అది మా అత్తయ్యగారి కాలు.

రెండేళ్ళ కిందట ఆవిడకు ఎడమకాలి చీలమండ పైన చిన్న పుండు పడింది. దోమ కుట్టి గోకితే అయిందనుకున్నాం. పసుపు రాశాం, పట్టీలు వేశాం. నెలలు గడిచినా మానలేదు. చివరికి డాక్టరుగారికి చూపిస్తే ఆయన కాలిమీద ఉబ్బిన నరాలు చూపించి, "ఇది పైపుండు కాదమ్మా, రక్తం పైకి పోకపోవడం వల్ల వచ్చింది" అన్నారు. కాలిలో రక్తాన్ని గుండెవైపు తీసుకుపోయే సిరలకు లోపల చిన్న చిన్న తలుపులు ఉంటాయట. అవి బలహీనపడితే పైకి పోవలసిన రక్తం కిందనే నిలిచిపోతుంది. కాలు వాస్తుంది, చర్మం నల్లబడుతుంది, ఆఖరికి పుండు పడుతుంది. మందు ఒక్కటే చాలదు, పాదం మొదలుకొని మోకాలి కింది దాకా బిగువైన సాగే గుడ్డతో కట్టు కట్టాలి. ఆ బిగువే రక్తాన్ని పైకి నెడుతుంది. పాదంలో నాడి సరిగ్గా ఆడుతోందో లేదో చూసుకున్నాకనే ఆయన ఈ కట్టు రాశారు.

నర్సమ్మ ఒకసారి కట్టి చూపించింది. "పొద్దున్న లేవగానే కట్టండి. రాత్రి పడుకునేటప్పుడు విప్పండి. వదులైతే పని చెయ్యదు, మరీ బిగిస్తే ప్రమాదం" అంది. "ఎంత బిగించాలి?" అని అడిగాను. "అది చేతికి అలవాటవ్వాలండీ" అంది. ఆవిడని తప్పుపట్టడానికి లేదు. చారులో ఉప్పు ఎంత వెయ్యాలని మన కోడలు అడిగితే మనం మాత్రం ఏం చెబుతాం? "చేతికే తెలుస్తుందిలే" అంటాం. కాకపోతే చారులో ఉప్పు ఎక్కువైతే నాలుక చెబుతుంది. కట్టు బిగువెక్కువైతే ఎవరు చెబుతారు?

మొదటి రోజు వదులుగా కట్టాను. మధ్యాహ్నానికల్లా అది జారిపోయి చీలమండ దగ్గర కడియంలా కూర్చుంది. మర్నాడు ఆ ఉక్రోషంతో కాస్త గట్టిగానే లాగి కట్టాను. ఆ సాయంత్రం ఇంటికి చుట్టాలొచ్చారు. వంటలూ, పక్కలూ, హడావిడీ. రాత్రి కట్టు విప్పడం మరిచిపోయాను. పొద్దున్న లేచి చూద్దును కదా, ఆవిడ కాలివేళ్ళు నీలంగా ఉన్నాయి. పట్టుకుంటే చల్లగా తగిలాయి. నా గుండె జారిపోయింది. చేతులు వణుకుతుంటే ఎలా విప్పానో నాకే తెలీదు. ఆటో మాట్లాడుకుని డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాం. మా అదృష్టం బాగుండి, కాసేపటికి వేళ్ళకు మళ్ళీ రంగొచ్చింది. ఏ హానీ జరగలేదు.

"రాత్రే ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అని ఏడ్చాను. "వేళ్ళు తిమ్మిరెక్కాయి గానీ, నువ్వు కట్టిన కట్టు కదా, తెలిసే కట్టుంటావనుకున్నానమ్మాయ్" అంది ఆవిడ. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

ఆ వారంలోనే మా అన్నయ్య కొడుకు పలకరించడానికి వచ్చాడు. వాడు హైదరాబాదులో పాలిమర్ల మీద పైచదువు చదువుతున్నాడు. సంగతంతా విని, "అత్తా, 'ఎంత బిగువు' అని నువ్వు అడిగావే, ఆ ప్రశ్నకు కట్టే జవాబు చెప్పే ఉపాయం అమెరికాలో చేసి చూశారు. లాగినకొద్దీ రంగు మారే దారం ఒకటి ఉంది" అన్నాడు. నేను నమ్మలేదు. "రంగు అద్దకంలో ఉంటుంది గానీ లాగడంలో ఉంటుందిట్రా?" అన్నాను. వాడు నవ్వి, "ఒక బుడగ, ఒక పాత క్యారీబ్యాగు, ఒక గాజు, గిన్నెలో కాసిని సబ్బునీళ్ళు పట్రా" అన్నాడు. ఆవేళ వంటింటి గట్టు మీద వాడు చెప్పిన పాఠమే ఇప్పుడు మీకు చెబుతున్నాను. వీలుంటే మీరూ చేసి చూడండి. పిల్లలుంటే మరీ సరదాగా ఉంటుంది.

ముందు పాలిమర్ అంటే ఏమిటో చూద్దాం. మల్లెదండ తెలుసుగా. ఒక్కొక్క పువ్వునూ చేర్చి కడితే మూరెడు దండ అవుతుంది. అలాగే చిన్న చిన్న అణువులు వేలకు వేలు ఒకదానికొకటి చేరి పొడుగాటి దండలా అయితే దాన్ని పాలిమర్ అంటారు. 1920లో హెర్మన్ స్టౌడింగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ సంగతి చెబితే, ఇంత పొడుగు అణువులు ఉంటాయా అని తోటి శాస్త్రజ్ఞులు చాలామంది కొట్టిపారేశారట. ఆయన పట్టు విడవలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. పాలిథీను, నైలాను, రబ్బరు ఇవన్నీ పాలిమర్లే. అంతెందుకు, మనం కట్టుకునే నూలుచీరా, పట్టుచీరా, మన తలవెంట్రుకా కూడా పాలిమర్లే.

ఉడికించిన సేమ్యాను గిన్నెలో పోస్తే ఎలా చిక్కుపడి ఉంటుందో, రబ్బరులో ఈ దండలు అలా చిక్కుపడి ఉంటాయి. లాగితే చిక్కు సాగి తిన్నగా అవుతాయి. వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి. మరీ లాగితే తెగుతాయి. ఇది గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువే.

ఇప్పుడు బుడగ తీసుకోండి. ఊదకముందు ముదురు ఎరుపు. ఊదాక లేత ఎరుపు. రంగు మారింది కదా అంటే, మారలేదు, పలచబడింది. చెంచాడు పసుపును గిన్నెడు నీళ్ళలో కలిపితే ఒక రంగు, బిందెడు నీళ్ళలో కలిపితే ఒక రంగు. పసుపు అంతే. బుడగలోనూ అంతే. ఇందులో పెద్ద విశేషం లేదు.

క్యారీబ్యాగు సంగతి వేరు. రంగు సంచిలో బరువు మోస్తుంటే, చేత్తో పట్టుకునే చెవుల దగ్గర సాగి తెల్లబడడం మీరు చూసే ఉంటారు. ప్లాస్టిక్ డబ్బా మూత మడతపడే చోటా, బక్కెట్టు పిడి దగ్గరా కూడా తెల్లచార వస్తుంది. అక్కడ తెల్లరంగు ఎవరు పూశారు? ఎవరూ పూయలేదు. లాగుడుకు ఆ ప్లాస్టిక్ లోపల కంటికి కనబడనంత సన్నని చీలికలూ, ఖాళీలూ ఏర్పడతాయి. వాటికి తగిలిన వెలుతురు నాలుగు పక్కలా చెదిరిపోయి మన కంటికి తెలుపుగా కనిపిస్తుంది. ఐసుగడ్డలోంచి అవతలి వస్తువు కనబడుతుంది. దాన్నే గోలా బండివాడు చివ్వితే తెల్లగా అవుతుంది. నీళ్ళకు రంగు లేదు గానీ సబ్బు నురుగు తెల్లగా ఉంటుంది. అంతా ఇదే కీలకం.

కాబట్టి ఆ తెల్లచార ఉత్త అందవికారం కాదు, హెచ్చరిక. లోపల దెబ్బ తగిలిందని చెబుతోంది. ఆ మూలనే రేపో ఎల్లుండో విరుగుతుంది. వేడినీళ్ళ బక్కెట్టు పిడి దగ్గర తెల్లచార కనిపిస్తే ఇక దాన్ని వేడినీళ్ళకు వాడకండి. నేను ఇంతకుముందు ఆ చారను ఎన్నిసార్లు చూశానో! అది ఏదో చెబుతోందని మాత్రం తట్టలేదు.

ఇక అసలు తమాషా గాజుతో. గాజును సబ్బునీళ్ళలో ముంచి తీసి, నిలువుగా పట్టుకుని, వెనక నల్లచీర లాంటిది ఏదైనా పెట్టుకుని, కిటికీ వెలుతురులో చూడండి. గాజు మధ్య పొరలో ఎరుపూ, పచ్చా, నీలమూ చారలు చారలుగా కనబడి కిందికి జారుతుంటాయి. సబ్బునీళ్ళలో ఈ రంగులేవీ లేవే! మరెక్కణ్ణించి వచ్చాయి?

వెలుతురు అలలుగా ప్రయాణిస్తుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క నిడివి అల. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని నానోమీటరు అంటారు. ఎరుపు అల నిడివి సుమారు 700 నానోమీటర్లు. ఊదా అల సుమారు 400. మిగతా రంగులు వీటి మధ్య. సబ్బుపొరకు ముందు ముఖం ఒకటి, వెనక ముఖం ఒకటి ఉన్నాయి కదా. వెలుతురు కొంత ముందు ముఖం నుంచి, కొంత వెనక ముఖం నుంచి తిరిగి వస్తుంది. ఆ రెండూ కలిసేటప్పుడు ఏం జరుగుతుందంటే, ఉయ్యాలను ఇద్దరు ఊపుతున్నారనుకోండి. ఇద్దరూ ఒకే ఊపుకు తోస్తే ఉయ్యాల మరింత పైకి పోతుంది. ఒకరు తోసేటప్పుడు ఇంకొకరు అడ్డుపడితే ఆగిపోతుంది. అలాగే కొన్ని రంగుల అలలు ఒకదానికొకటి తోడై మెరుస్తాయి, కొన్ని ఒకదాన్నొకటి అడ్డుకుని మాయమవుతాయి. ఏ రంగు మెరవాలో, ఏది మాయమవాలో నిర్ణయించేది ఆ పొర మందం. మందం మారితే రంగు మారుతుంది.

ఇంకాసేపు చూడండి. నీరు కిందికి జారేకొద్దీ పైభాగం పలచబడుతుంది. పలచబడి పలచబడి రంగులన్నీ పోయి పైన నల్లగా అవుతుంది. నల్లబడిందంటే ఇక పగలబోతోందన్నమాట. మా ఇంట్లో అత్తయ్యగారితో సహా అందరం ఊపిరి బిగపట్టి చూశాం. నల్లబడింది, టప్పున పోయింది. "చెప్పి మరీ పోయిందే!" అంది ఆవిడ. ఈ పాఠం మొత్తానికీ నాకు బాగా అర్థమైన చోటు అదే.

ఇలా అద్దకం లేకుండా, ఉత్త అమరికతో వచ్చే రంగులు ప్రకృతిలో చాలా ఉన్నాయి. చిన్నప్పుడు పుస్తకంలో దాచుకున్న నెమలిఈక ఎన్నేళ్ళయినా వెలవదు. దాన్ని మెత్తగా నూరితే మాత్రం ఆ నీలం ఉండదు, గోధుమరంగు పొడి మిగులుతుంది. అమరిక చెడింది కనక రంగూ పోయింది. దసరానాడు చూస్తే శుభమని మనం వెతుక్కునే పాలపిట్ట రెక్కల నీలమూ ఇలాంటిదే. సర్ సి. వి. రామన్ గారు 1934లో ఈ పాలపిట్ట ఈకల రంగుల మీద శాస్త్రవ్యాసం ప్రచురించారు. ఆయన చిన్నతనం గడిచింది మన విశాఖపట్నంలోనే. 11 ఏళ్ళకే మెట్రిక్యులేషన్ పూర్తి చేశారట. నాకు 16 ఏళ్ళు పట్టింది లెండి!

మాట మీద నిలబడని వాళ్ళను మనం ఊసరవెల్లితో పోలుస్తాం. ఆ ఊసరవెల్లి రంగు ఎలా మారుస్తుందో 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు బయటపెట్టారు. మడగాస్కర్ దీవిలో ఉండే ఒక జాతి ఊసరవెల్లిని పరిశీలిస్తే, దాని చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతిచిన్న స్ఫటికాలు వరసలుగా పేర్చినట్టు ఉన్నాయట. అది నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ స్ఫటికాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, నీలమూ ఆకుపచ్చా కనబడతాయి. మగ ఊసరవెల్లికి పోటీగా ఇంకో మగది ఎదురైతే దీనికి ఉద్రేకం వస్తుంది. స్ఫటికాల మధ్య ఎడం పెరుగుతుంది. అప్పుడు పసుపూ, నారింజా, ఎరుపూ కనబడతాయి. అంటే అది రంగు పూసుకోవడం లేదు, ఎడం సర్దుకుంటోంది. పాపం, ఇన్నాళ్ళూ దాన్ని మోసగత్తె అని తిట్టాం గానీ, అది తన మనసులో ఉన్నది ఉన్నట్టు పైకి చూపిస్తోందన్నమాట.

మనుషులు ఈ కీలకాన్ని పట్టుకున్నారు. మన అత్తయ్యగారి కాలికట్టు సంగతి ఇక్కడ వస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. ఎం.ఐ.టి. అంటారు. అక్కడ మథియాస్ కోల్ అనే ఆచార్యుడి బృందం 2018లో ఇలాంటి దారాన్ని గురించి ప్రకటించింది. అద్దంలాంటి రెండు రకాల సాగే రబ్బరు పొరలను ఒకదానిమీద ఒకటి పేర్చి, చాపలా చుట్టారు. మన తాపేశ్వరం మడతకాజాను తలుచుకోండి, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ ఒక్కొక్క పొర మందం కొన్ని వందల నానోమీటర్లే. మొత్తం దారం తలవెంట్రుకకు సుమారు పది రెట్లు లావు.

ఈ దారంలో అద్దకపు రంగు చుక్క కూడా లేదు. పొరల మందం వల్లనే రంగు. చపాతీ ఒత్తితే పెద్దదవుతూ పలచనవుతుంది కదా. అలాగే ఈ దారాన్ని లాగితే పొడుగు సాగుతూ లోపలి పొరలు పలచనవుతాయి. పొర పలచబడితే పెద్ద అల ఎరుపు తప్పుకుని చిన్న అల నీలం వైపు రంగు జరుగుతుంది. వదిలితే మళ్ళీ మొదటి రంగే. ఎంత లాగితే ఏ రంగో ముందే తెలుసు కనక, రంగును చూసి బిగువు చెప్పవచ్చు.

ఈ దారాలను కాలికి కట్టే సాగే గుడ్డలో వేశారు. పక్కన ఒక పట్టిక ఇచ్చారు, ఏ రంగుకు ఎంత ఒత్తిడి అన్నది. సిరల పుండ్లకు కట్టే కట్టు మామూలుగా చీలమండ దగ్గర 40 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఒత్తిడి ఇవ్వాలంటారు. బి.పి. చూసేటప్పుడు చెప్పే 120, 80 అంకెలు ఈ లెక్కలోవే. 12 మంది విద్యార్థులు ఒకరి కాలికి ఒకరు మూడు రకాల కట్లు కట్టి చూశారు. ఒకటి మామూలు కట్టు. రెండోది ముందునుంచీ బజారులో దొరుకుతున్న రకం. దానిమీద నిలువు చదరాల గుర్తులు అచ్చువేసి ఉంటాయి. సరైన బిగువుకు లాగితే అవి సమచదరాలుగా కనబడాలి. మూడోది ఈ రంగుదారం కట్టు. ముగ్గురిలో రంగుదారం కట్టే బిగువును అన్నిటికన్నా స్పష్టంగా చెప్పింది, సరైన ఒత్తిడికి దగ్గరగా కట్టగలిగింది దానితోనే.

ఇది విన్నప్పుడు నాకు కలిగిన ఊరట మీకెలా చెప్పను? చదువుకున్న విద్యార్థులకు కూడా గుడ్డను చూస్తే బిగువు తెలియలేదు. మరి నాకు తెలియకపోవడంలో వింతేముంది? తప్పంతా నా చేతిది కాదు. చేతికి కళ్ళు లేవు. ఆ దారం చేసిన పని చేతికి కళ్ళు ఇవ్వడమే. నేను చెప్పేది ప్రయోగశాలలో చేసి చూసిన సంగతి సుమండీ, రేపే మందుల షాపుకు వెళ్ళి రంగుదారం కట్టు ఇమ్మని అడగకండి.

ఒక్కొక్క దారమూ చుట్టుకుంటూ కూర్చుంటే గజాలకు గజాలు ఎప్పటికవుతుంది? అదే ఎం.ఐ.టి. బృందం 2022లో ఇంకో దారి చెప్పింది. దీని మూలం నూరేళ్ళ వెనకటిది. గాబ్రియేల్ లిప్‌మన్ అని ఫ్రాన్సులో ఒక శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఏ రంగూ వాడకుండా, వెలుతురు అలల అమరికనే పలక మీద ముద్రించి రంగుల ఫొటోలు తీశాడు. అందుకు 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఒక్క ఫొటోకు చాలా సేపు పట్టేది. పద్ధతి శ్రమతో కూడుకున్నది కనక తరవాత మూలపడింది. ఎం.ఐ.టి. వాళ్ళు ఆ పాత పద్ధతిని దుమ్ముదులిపి తీశారు. వెలుతురుకు మారే సాగే పొరను అద్దంలాంటి లోహపు రేకుకు అంటించి, మామూలు ప్రొజెక్టరుతో దానిమీద బొమ్మ వేశారు. నిమిషాల్లో బొమ్మ పొరలో నిలిచిపోయింది. దాన్ని ఊడదీసి నల్లని సిలికాన్ రబ్బరుకు అతికించారు. లాగితే బొమ్మ రంగులు మారతాయి. దానిమీద నాణెమో, వేలో నొక్కితే నొక్కిన చోట రంగు మారి నాణెం మీది గీతలూ, వేలిముద్రా కూడా తేలతాయట. మన అటకల మీది పాత సామాను కూడా పారెయ్యకుండా ఒకసారి దులిపి చూడాలి కాబోలు!

ఇంతవరకూ చెప్పిన రంగు ఎంత లాగుతున్నామో చెప్పే రంగు. తెగబోతోందని చెప్పే రంగు ఇంకొకటుంది. దాని పద్ధతి వేరు. 2009లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేశారు. అందులో నాన్సీ సాటోస్ అనే ఆవిడ, జెఫ్రీ మూర్, స్కాట్ వైట్ అనేవాళ్ళు ముఖ్యులు. వాళ్ళు పాలిమర్ దండ నడుమ స్పైరోపైరాన్ అనే ఒక ప్రత్యేకమైన అణువును గుచ్చారు, మల్లెదండ మధ్యలో ఒక్క కనకాంబరం గుచ్చినట్టు. ఆ అణువులో ఒక బలహీనమైన బంధం ఉంది. దండను గట్టిగా లాగితే మిగతావన్నీ నిలుస్తాయి గానీ ఆ ఒక్క బంధం విడిపోతుంది. విడిపోగానే ఆ అణువు ఆకారం మారి ముదురు ఎరుపు రంగు తేలుతుంది. వాళ్ళు ఆ పాలిమర్ ముక్కను లాగుతూ పోతే, తెగడానికి ముందు ఎర్రబడింది.

నిజంగా లాగుడు వల్లనే ఎర్రబడిందా, ఇంకేదైనా కారణమా అని వాళ్ళు పరీక్షించిన తీరు నాకు నచ్చింది. అదే అణువును దండ మధ్యలో కాకుండా ఒక కొసకు మాత్రం తగిలించి చూశారు. ఎంత ఒత్తిడి పెట్టినా రంగు రాలేదు. తాడు లాగే పందెంలో తాడు మధ్య కట్టిన రుమాలుకు రెండు పక్కల లాగుడూ తెలుస్తుంది. తాడు చివర వేలాడే కుచ్చుకు ఏం తెలుస్తుంది? రెండు పక్కలా లాగేవాళ్ళుంటేనే ఆ బంధం విడుతుంది. మన సంసారాల్లో నడుమ ఉన్నవాళ్ళకు ఈ సంగతి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

ఇంకో విశేషం. అలా ఎర్రబడిన ముక్కను మంచి వెలుతురులో కాసేపు ఉంచితే విడిన బంధం మళ్ళీ కలుస్తుంది, ఎరుపు పోతుంది. కొండలెక్కేవాళ్ళ తాళ్ళూ, పారాచూటు తాళ్ళూ ఇలాంటి వాటితో చేస్తే, తెగబోయే తాడు ముందే ఎర్రబడి ప్రాణం కాపాడుతుందని ఆశ. మనకైతే పసిబిడ్డ ఊయల తాడు గుర్తుకొస్తుంది. ఏ తాడూ ఒక్కసారిగా తెగదు. లోపల ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. పైకి కనబడక మనం మోసపోతాం.

ఇదంతా విన్నాక అత్తయ్యగారు ఒక మాట అడిగింది. "అబ్బాయీ, అంతదూరం నుంచి ఆ దారం వచ్చేదాకా నా కాలు సంగతేమిటిరా?" అని. వాడు ఆవిడ బొటనవేలి గోరు ఒకసారి నొక్కి వదిలాడు. నొక్కితే తెల్లబడింది, వదిలితే వెంటనే గులాబీరంగు తిరిగొచ్చింది. "ఇదిగో, రంగు మారే వస్తువు మీ దగ్గరే ఉంది బామ్మగారూ" అన్నాడు. తరవాత డాక్టరుగారిని అడిగితే ఆయనా అదే చెప్పారు. నేను నేర్చుకున్న జాగ్రత్తలు మీకూ చెబుతాను.

కాలికి గానీ చేతికి గానీ సాగే గుడ్డతో కట్టు కట్టాక వేళ్ళ కొసలు బయటికి కనబడేలా ఉంచండి. కట్టిన పావుగంటకు ఒకసారి, ఆ తరవాత మధ్య మధ్య గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో, అంటే 'ఒకటి, రెండు' అని నెమ్మదిగా లెక్కపెట్టే లోపల, గులాబీరంగు తిరిగి రావాలి. రాకపోయినా, వేళ్ళు నీలంగానో తెల్లగానో ఉన్నా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా వెంటనే కట్టు విప్పండి. విప్పాక కూడా రంగు తిరిగి రాకపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. రంగు సరిగ్గా తెలియని చర్మమైతే రెండు పాదాలూ పక్కపక్కన తాకి చూడండి, చలవ తేడా చేతికి తెలుస్తుంది. కాలిపుండు కనబడగానే ఎవరికి వాళ్ళు బిగువు కట్టు మొదలుపెట్టకండి. పాదానికి రక్తం తెచ్చే ధమనులు పూడుకుపోయిన వాళ్ళకు, చక్కెరవ్యాధి వల్ల స్పర్శ తగ్గినవాళ్ళకు ఆ బిగువే ముప్పు తెస్తుంది. డాక్టరు పరీక్షించి చెప్పాకనే కట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటుంది. కట్టు కట్టించుకున్న వాళ్ళను "ఎలా ఉంది?" అని అడగండి. ఒకసారి కాదు, నాలుగుసార్లు అడగండి. పెద్దవాళ్ళు తమంతట తాము చెప్పరు. కోడలికి శ్రమ అనుకుంటారు, తెలిసే కట్టిందిలే అనుకుంటారు.

మా అత్తయ్యగారి పుండు నాలుగు నెలలకు పూర్తిగా మానింది. ఇప్పటికీ పొద్దున్న కాలికి మేజోడు తొడిగాక ఆవిడే బొటనవేలు నా ముందుకు చాపి, "నొక్కి చూడు, నా రంగు బాగుందా?" అంటుంది. నొక్కుతాను. తెల్లబడుతుంది, వెంటనే ఎర్రబడుతుంది. ఇద్దరం కాఫీకి లేస్తాం.

తెగేదాకా లాగకూడదని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఎంత లాగితే తెగుతుందో తెలిసే దారి మాత్రం శాస్త్రజ్ఞులు ఇప్పుడిప్పుడే కనిపెడుతున్నారు. ఈలోగా మీ ఇంట్లో బక్కెట్టు పిడినీ, ఊయల తాడునూ, కట్టు కట్టిన వాళ్ళ కాలివేళ్ళనూ ఒకసారి చూసుకోండి. గాజుతో సబ్బునీళ్ళ ఆట మాత్రం ఈ ఆదివారమే పిల్లలతో ఆడండి. పైన నల్లబడగానే చెప్పండి వాళ్ళకు, ఇప్పుడు పగులుతుందని.

సెలవు.